పిల్లల చేత ఎన్ని బంతులు వేయిస్తున్నామో ఎవరైనా లెక్కపెడుతున్నారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది మారతహళ్లి. బెంగళూరులో ఈ వైపు మన తెలుగువాళ్ల పిల్లలు చాలామంది క్రికెట్ అకాడమీలకి వెళ్తారు, వాళ్లలో కాస్త స్పీడుగా వేసేవాడు కనబడ్డాడంటే ఇక వాడికి రెస్ట్ ఉండదు, పొద్దున నెట్స్, సాయంత్రం నెట్స్, శని ఆదివారాలు మ్యాచ్‌లు, మళ్లీ స్కూల్ టీమ్ వేరే. మావాడు నడుం నొప్పి అంటే స్ప్రే కొట్టి మళ్లీ బంతి చేతికిచ్చారు, తీరా స్కాన్ తీయిస్తే వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే భారం పడి ఎముకలో వచ్చే చీలిక) అన్నారు డాక్టరు.

అప్పట్నుంచి దీని గురించి చదువుతూ టామీ జాన్ అనే బేస్‌బాల్ పిచర్ కథ దగ్గర ఆగిపోయాను. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కాకపోతే రనప్ లేకుండా నిలబడ్డచోటు నుంచే మోచెయ్యి వంచి విసురుతాడు, అందుకే భారమంతా మోచేతి లోపలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) మీద పడుతుంది. 1974 జులైలో టామీ జాన్‌కి అదే తెగిపోయింది, అప్పట్లో అలా అయితే ఆట అయిపోయినట్టే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడిచేతి నుంచి ఒక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే నరంలాంటి తాడు) తీసి ఎడమ మోచేతిలో కుట్టారు, మళ్లీ ఆడే ఛాన్స్ నూటికి ఒక పాలే అని ముందే చెప్పారట. 1975 మొత్తం ఆటకి దూరం, 1976లో తిరిగొచ్చాడు, 1977లో 20 గెలుపులు (బేస్‌బాల్‌లో టీమ్ గెలిచిన మ్యాచ్‌ని ఒక పిచర్ ఖాతాలో రాస్తారు), ఇక 46 ఏళ్లు వచ్చేదాకా అంటే 1989 వరకు ఆడుతూనే ఉన్నాడు. కెరీర్ మొత్తం 288 గెలుపులైతే అందులో 164 ఆపరేషన్ తర్వాతవే! ఆ ఆపరేషన్‌కి ఇప్పుడు ఆయన పేరే.

అంత గొప్ప కథే గానీ నన్ను భయపెట్టింది దాని తర్వాత జరిగింది. అమెరికాలో 2007 నుంచి 2011 మధ్య ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల మీద ఒక స్టడీ చేస్తే సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్ల పిల్లలే ఉన్నారు. టామీ జాన్‌కి తెగింది 31 ఏళ్లకి, అదీ పెద్ద లీగుల్లో ఏళ్ల తరబడి వేశాక, మరి ఈ పిల్లలకి స్కూల్లోనే ఎందుకు తెగుతోంది అంటే డాక్టర్లు ముఖ్యంగా చెప్పేది ఒకటే, రెస్ట్ లేకుండా అతిగా వేయించడం.

అందుకే అక్కడ 2014లో పిచ్ స్మార్ట్ అని గైడ్‌లైన్స్ పెట్టారు, 11-12 ఏళ్లవాడు మ్యాచ్‌లో రోజుకి 85 బంతులు, 13 నుంచి 16 వాళ్లు 95, అంతకు మించొద్దు. 14 ఏళ్లు, అంతకన్నా తక్కువ ఉన్న పిల్లాడు ఒకరోజు 66 వేశాడా, తర్వాత నాలుగు రోజులు పిచింగ్ బంద్.

మనకి మోచెయ్యి కాదు, నడుం పోతుంది, అంతే తేడా. బుమ్రా అంతటి బౌలర్‌కే వెన్ను సమస్యతో 2023లో ఆపరేషన్ చేయాల్సొచ్చింది, వాళ్లకైతే ఫిజియోలు, ట్రైనర్లు ఉంటారు, మన పిల్లలకి ఎవరున్నారు సార్? మ్యాచ్‌లో వేసిన ఓవర్లైనా స్కోర్ బుక్‌లో ఉంటాయి, నెట్స్‌లో వేసినవి ఎవరి దగ్గరా ఉండవు, అసలు నష్టం జరిగేది అక్కడే. పేరెంట్స్‌ కూడా ఫీజు ఎంతో అడుగుతారు గానీ ఈ లెక్క అడగరు.

అకాడమీలు ప్రతి ఫాస్ట్ బౌలర్‌కీ ఒక నోట్‌బుక్ పెట్టి నెట్స్ బంతులతో సహా రాయాలి, వారం వారం ఇంటికి పంపాలి. మీ స్పోర్ట్స్ పేజీలో కూడా ఒక స్పోర్ట్స్ డాక్టర్‌తో మాట్లాడించి ఏ వయసువాడు ఎన్ని ఓవర్లు వేయొచ్చో టేబుల్ వేయండి, సమ్మర్ క్యాంపులు మొదలవకముందే వేస్తే చాలామందికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక ఫాస్ట్ బౌలర్ తండ్రి,
మారతహళ్లి, బెంగళూరు