తుపానుకు ముందే ఆల్చిప్పలు ఏరాలి

సంపాదకులకు,

తుపాను దాటిన మర్నాడు తీరంలో నీళ్లు సీసాలకు పట్టడం, పరీక్షించడం, కాలుష్యం హద్దుల్లోనే ఉందని ప్రకటించడం ఒక తంతుగా మారింది. వరద మోసుకొచ్చిన పురుగుమందులూ, మునిగిన పడవల డీజిలూ ఒక్క పోటుపాటుకే చోటు మారతాయి. సీసాలోకి వచ్చేది ఆ నిమిషానికి అక్కడున్న నీరే. మసెల్స్, ఆయిస్టర్ల వంటి ఆల్చిప్పలు (రెండు చిప్పల మధ్య బతికే జీవులు) ఉన్నచోటు కదలవు. ఒక మసెల్ గంటకు లీటరు, రెండు లీటర్ల నీటిని వడకట్టుకుంటుంది. నీటిలోని లోహాలు, చమురు తాలూకు పీఏహెచ్‌లు (విషపూరిత హైడ్రోకార్బన్లు), పీసీబీలు (పాత విద్యుత్ పరికరాల నూనెల్లో వాడిన క్లోరిన్ రసాయనాలు) దాని కండలో పేరుకుంటాయి. చేపలైతే పీఏహెచ్‌లను కాలేయంలో చాలావరకు విరగ్గొట్టి బయటకు పంపేస్తాయి. కాబట్టి చమురు ఒలికినచోట చేప శుభ్రంగా కనబడితే సంతోషించడం తొందరపాటే.

సముద్ర రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లో ప్రతిపాదించిన ‘మసెల్ వాచ్’ను, అంటే ఆల్చిప్పలతో కాలుష్యాన్ని కనిపెట్టే కార్యక్రమాన్ని, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 1986 నుంచి తన తీరమంతటా నడుపుతోంది. 2005లో కత్రినా తుపాను విరుచుకుపడ్డాక అమెరికా గల్ఫ్ తీరపు ఆయిస్టర్లను పరీక్షించినప్పుడు, పోల్చి చూడటానికి దాదాపు ఇరవై ఏళ్ల అంకెలు చేతిలో ఉన్నాయి. కిటుకంతా అక్కడే ఉంది. పాత అంకె లేకపోతే, ఇవాళ దొరికిన సీసం నిన్నటి వరదతో వచ్చిందో, రేవు అడుగున ఏళ్లుగా పడి ఉన్నదో ఎవరూ తేల్చలేరు.

అందుకే తుపాన్ల కాలం మొదలవకముందే ఆల్చిప్పలు ఏరి, మైనస్ 20 డిగ్రీల్లో భద్రపరచాలి. ఒక్కో చోట ఒకే జాతి, ఒకే సైజు తీసుకోవాలి. మసెల్స్ అయితే 5–8 సెంటీమీటర్లవి 30, ఆయిస్టర్లయితే 7–10 సెంటీమీటర్లవి 20 సరిపోతాయి. రెండు జాతుల అంకెలనూ ఒకే పట్టికలో పోల్చకూడదు. జింకు, రాగి విషయంలో ఆయిస్టర్లు మసెల్స్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పోగేస్తాయి. గుడ్లు విడిచే రోజుల్లో ఏరితే మరో చిక్కు: ఒంట్లో కొవ్వు పడిపోయి, కొవ్వులో ఉండే పీసీబీల అంకె దానంతటదే తగ్గుతుంది.

తుపాను తర్వాత ఎప్పుడు తీయాలన్నదే ఎక్కువమంది పొరబడే చోటు. వరద నీటితో ఉప్పదనం పడిపోగానే చిప్పలు మూసుకుంటాయి. ఆయిస్టర్లు రోజుల తరబడి అలాగే ఉండగలవు. మూసుకున్న చిప్ప నీటిని వడకట్టదు గనుక, మొదటి వారం నమూనా దాదాపు తుపాను ముందటి సంగతే చెబుతుంది. అలాగని నెలలు ఆగితే తేలికపాటి పీఏహెచ్‌లు ఈలోగా ఒంట్లోంచి వెళ్లిపోతాయి. ఉప్పదనం కోలుకున్న రెండు మూడు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి తీయడం మేలు.

తుపాను తర్వాత చిప్పల కడుపులో బురద ఎక్కువ. అది ఇనుము, క్రోమియం అంకెలను ఉబ్బిస్తుంది. లోహాల పరీక్షకైతే శుభ్రమైన సముద్రపు నీటిలో ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. పీఏహెచ్‌ల కోసం తీసినవాటిని మాత్రం అలా ఉంచకూడదు, వెతుకుతున్నదే కడుక్కుపోతుంది. బురదలో ఎక్కువగా ఉండే అల్యూమినియం కూడా కొలిస్తే బురద వాటా ఎంతో తెలిసిపోతుంది. లోహాలకు ప్లాస్టిక్ సంచి, చమురు, పురుగుమందుల పరీక్షలకు ద్రావణితో కడిగిన అల్యూమినియం రేకు వాడాలి. ఈ రెండూ తారుమారైతే నమూనా పనికిరాదు. చిప్పలను ఒడ్డున కాక ప్రయోగశాలలోనే తెరవాలి.

మంచినీటి తాకిడికి అక్కడి చిప్పలన్నీ చచ్చిపోతే, శుభ్రమైన చోటి నుంచి తెచ్చిన మసెల్స్‌ను వలసంచుల్లో నాలుగు నుంచి ఎనిమిది వారాలు వేలాడదీయాలి. నీటిలోకి దించే రోజునే, తర్వాత పోల్చుకోవడానికి కొన్నింటిని విడిగా గడ్డకట్టించి ఉంచుకోకపోతే ఆ శ్రమంతా వృథా. సంచిని గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) తీగతో కడితే జింకు, నాచు పట్టకుండా రంగేసిన పడవల పక్కన కడితే రాగి, క్రియోసోట్ (కొయ్య పుచ్చకుండా వేసే తారు నూనె) పూసిన కొయ్య స్తంభానికి కడితే పీఏహెచ్‌లు పెరుగుతాయి. అప్పుడు మనం కొలిచేది మన ఏర్పాటునే! వల కళ్లు పాచితో మూసుకుపోయినా మసెల్స్ తిండిలేక చిక్కిపోయి, కండలో లోహం శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. దించేముందు, తీశాక తూకం వేయడం అందుకే.

పత్రికలకు ఒక విన్నపం. అంకె అచ్చువేసేటప్పుడు జాతి, ఏరిన తేదీ, అది పొడి బరువా (నీరంతా ఆరాక తూచింది) పచ్చి బరువా (నీటితో సహా తూచింది) అన్నది తప్పక రాయండి. పొడి బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం అంటే, కండలో నీరు 84 శాతం ఉన్నప్పుడు పచ్చి బరువులో 0.8 మాత్రమే. ఆల్చిప్పల్లో కాడ్మియానికి ఐరోపా సమాఖ్య ఆహార పరిమితి పచ్చి బరువులో 1.0. మొదటి అంకెను ఈ పరిమితి పక్కన పెడితే ‘అయిదు రెట్ల విషం’ అనే శీర్షిక పుడుతుంది. ఈ పరీక్షల్లో రసాయనాలు తక్కువని తేలినంత మాత్రాన వాటిని తినొచ్చనీ రాయకండి. మురుగునీటి బ్యాక్టీరియాకు, ఆల్గే విషాలకు పరీక్షలు వేరు.

— తీరజలాల కాలుష్య పరిశీలకులు