మోటరు వరండాలో పెట్టించాను

కల్వకుర్తి దగ్గర మన ఊరి నుంచి,
ఆదివారం రాత్రి

బిడ్డా,

ప్రభువు నామంలో నీకు దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. నాయినమ్మ రోజూ పొద్దున నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తోంది, మధ్యాహ్నానికి మళ్లీ నువ్వెక్కడున్నావని అడుగుతోంది.

మొన్న ఫోన్లో నువ్వన్న మాటకు నేనేమీ అనలేదు. సిగ్నల్ పోయిందనుకున్నావేమో. పోలేదు, నేనే పెట్టేశాను. ఫోన్లో నాకు కోపం ముందొస్తుంది, మాట తర్వాత వస్తుంది, నీకు తెలుసు కదా. అందుకే మీ చెల్లె పాత నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చింపుకొని కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకొని చదువుకో. ముప్పై ఏళ్లు దాటాక సంఘం రాత్రిబడిలో దిద్దుకున్న అక్షరాలు, ఇంతకంటే నిటారుగా నిలబడవు.

యూత్ మీటింగులో వాక్యం చెప్పానన్నావు. అందరూ మెచ్చుకున్నారన్నావు. బయటి నుంచి వచ్చిన ఒక సేవకుడు నీ తల మీద చెయ్యి పెట్టి, "ఈ చేతులు మోటర్లు పట్టుకోవడానికి కాదు, బైబిలు పట్టుకోవడానికి" అన్నాడన్నావు. ఇక కాలిన మోటర్లకు తీగ చుట్టే ఈ వైండింగు పని మానేసి ఫుల్ టైం సేవకు వెళ్తానన్నావు. పొద్దున బైబిలు క్లాసు, తర్వాత వర్క్‌షాపులో పని నేర్పే నీ ఏడాది కోర్సులో అయింది ఐదు నెలలే.

ఆ అయ్యగారు మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ నీ చేతుల సంగతి ఆయన కంటే నాకు ఎక్కువ తెలుసు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నువ్వు అన్నం కలుపుతుంటే చూశాను. చూపుడు వేలు మీద, బొటనవేలి పక్కన, తీగ లాగి లాగి సన్నటి గీతలు పడ్డాయి. పులుసు తగిలి చుర్రుమంటే ఒక్క క్షణం ఆగి మళ్లీ కలుపుకున్నావు. మీ అమ్మ చెంచా తెస్తే వద్దన్నావు. ఆ రాత్రి నిద్రలో ఏవో అంకెలు లెక్కపెడుతున్నావట, మీ అమ్మ నన్ను లేపి చెప్పింది. తెల్లారి అడిగితే, కాలిన మోటరు విప్పినప్పుడు ముందు పాత చుట్లు లెక్కపెట్టి రాసుకోవాలనీ, అదే లెక్కన, అదే లావు తీగతో స్లాటు స్లాటుకూ చేత్తో చుట్టాలనీ, చుట్లు తగ్గితే మోటరు వేడెక్కి మళ్లీ కాలిపోతుందనీ చెప్పావు. అది చెబుతున్నప్పుడు నీ ముఖం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అన్నాను. పొగ కాదు.

ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. నీకు సగమే తెలుసు.

1992లో నాకు 16 ఏళ్లు. మీ మేనత్త పెళ్లి అప్పు తీర్చడానికి పక్క ఊరి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పూణే వెళ్లాను. నాగార్జునసాగర్ కట్టిన రోజుల నుంచీ ఎక్కడ డ్యాం కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మన పాలమూరు లేబర్ ఉండేవాళ్లు. మన పేరు అలాగే పడిపోయింది, ఊరు పేరు లేదు, మనిషి పేరు లేదు, 'పాలమూరు లేబర్' అంతే. నా పని గమేళాతో మాలు, అంటే కలిపిన సిమెంటు, మోయడం. ఒకరోజు మధ్యాహ్నం తాపీ మేస్త్రి అన్నానికి వెళ్తే, ఆయన తాపీ తీసుకొని ఒక వరస ఇటుకలు పేర్చాను. దారం కట్టి, గుండు వేలాడేసి చూసుకున్నాను. వెంట్రుక వాసి తేడా లేదు బిడ్డా. మా గుంపు మేస్త్రి వచ్చి చూశాడు. బాగుందో లేదో అనలేదు. కాలితో తన్నాడు, పచ్చి మాలు కదా, వరసంతా పడిపోయింది. "నువ్వు తాపీ పడితే మాలు ఎవడు మోస్తాడురా" అన్నాడు.

తర్వాత 11 ఏళ్లు మాలే మోశాను. తాపీ మేస్త్రికి వచ్చే కూలిలో సగం నాకు. పని చేతకాక కాదు, నేర్పితే నేను చేజారిపోతానని. నీకు మీ సారు దగ్గరుండి నేర్పిస్తున్నారు, అన్నం పెట్టి మరీ నేర్పిస్తున్నారు. నువ్వేమో నీ అంతట నువ్వే తాపీ కింద పెడతానంటున్నావు.

ఇంకా వెనక్కి వెళ్తాను. మీ తాత, అంటే మా నాయిన, ఎడ్లతో బావి నీళ్లు తోడే మోటకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. తంగేడు చెక్క వేసి తోలు నానబెట్టి, పదును చూసి, తొండం కుట్టేవాడు. కుట్టు వదులైతే నీళ్లు గట్టు మీదికి వచ్చేలోపే సగం కారిపోతాయి. మా నాయిన కుట్టిన బొక్కెన కారదని నాలుగూళ్లలో పేరు. కోతలప్పుడు ఆ పనికి మేరగా గింజలు కొలిచేవాళ్లు, అదీ కళ్లం అంచున దూరంగా నిలబడితేనే. ఆ బొక్కెన తోడిన నీళ్లతో చేలు పండేవి. ఆ బావి మెట్లు దిగి దోసెడు నీళ్లు తాగడానికి మాత్రం ఆయనకు వీల్లేదు.

మన వైపు సువార్త వచ్చి చాలా కాలమైంది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి ఫ్రీసెన్ దొర నల్లగొండ వచ్చాడు. 1899 నుంచి అమెరికా మెన్నోనైట్ సంఘం దొరలు వచ్చి తర్వాత పాలమూరు అంతా తిరిగారు. వాళ్లు వాక్యం ఒక్కటే పట్టుకొని రాలేదు, బడీ దవాఖానా కూడా పెట్టారు. నువ్వు పుట్టింది జడ్చర్ల మిషన్ దవాఖానాలోనే. మా నాయిన మందిరానికి వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో, అపొస్తలుల కార్యాల్లోంచి పేతురు యొప్పేలో సీమోను అనే చర్మకారుని ఇంట్లో దిగిన సంగతి చదివారట. దేవదూత రోమా శతాధిపతి కొర్నేలీకి పేతురు ఎక్కడున్నాడో చెబుతూ, సముద్రం ఒడ్డున తోలు పని చేసేవాడి ఇల్లు అని చెప్పాడు కదా. మా నాయిన మధ్యలో లేచి, "అయ్యా, అది మళ్లీ చదవండి" అన్నాడట. మళ్లీ చదివారట. దేవదూత నోట తోలు పనివాడి అడ్రసు! చనిపోయే దాకా ఆ మాట చెప్పుకొని నవ్వేవాడు.

తర్వాత మోట పోయింది, మోటరొచ్చింది. ఒక్క అక్షరమే తేడా. కానీ ఆ అక్షరం దగ్గర మన ఇంట్లో పని ఆగిపోయింది. మా నాయిన కూలికి పోయాడు, నేను మాలు మోశాను. నీళ్లు పైకి తెచ్చే పని ఇన్నేళ్లకు నీ చేతిలోకి మళ్లీ వచ్చింది. మీ తాత కుట్టు లెక్క చూసుకున్నట్టే నువ్వు చుట్టు లెక్క చూసుకుంటున్నావు. ఆ పొద్దున నా కళ్లలో పొగ అదే.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. పొద్దున ప్రార్థన, బైబిలు క్లాసు దేవుని పని, ఆ తర్వాత వర్క్‌షాపులో గడిపేది కడుపు కోసం అన్నట్టు మాట్లాడావు. మీకు చెప్పేది శిష్యత్వ తరగతి కదా. మేస్త్రి దగ్గర పని నేర్చుకోవడాన్ని కూడా మనం శిష్యరికం అనే అంటాం. మాట ఒకటే, నువ్వే దాన్ని రెండు చేస్తున్నావు. పౌలు సువార్త చెబుతూనే డేరాలు కుట్టిన సంగతి మీ సారు ఎన్నోసార్లు చెప్పే ఉంటారు, నేను చెప్పను. లూకా 14వ అధ్యాయం తీసి చదువు. నన్ను వెంబడించేవాడు ఎలా ఉండాలో చెబుతూ ప్రభువు ఎవరిని చూపించాడు? గోపురం కట్టేవాణ్ణి. ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలన్నాడు, పునాది వేసి మధ్యలో ఆపితే చూసినవాళ్లంతా ఎగతాళి చేస్తారన్నాడు. వడ్రంగి ఇంట్లో పెరిగినవాడికే ఆ పోలిక తోస్తుంది. నాలాగా మాలు మోసినవాడికి అది గుండెలో దిగుతుంది. ఐదు నెలలకు ఆగిపోయిన గోడను నేను చాలా చూశాను, వానాకాలానికి నాచు పట్టి మేకలు ఎక్కుతాయి.

ఇంకొకటి. 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు మనం రెండెకరాలు కౌలుకు తీసుకొని యాసంగిలో పల్లి వేశాం, నీకు అప్పుడు చిన్నతనం. కరెంటు రాత్రిపూట ఇచ్చేవాళ్లు. ఓల్టేజి ఉండేది కాదు. ఒక ఫేజు పోయినా మోటరు ఆగదు, గుర్రుమంటూ మిగిలిన రెండు ఫేజుల మీదే లాగి లాగి కాలిపోతుంది. మన మోటరు అలాగే కాలింది. పట్నంలో వైండింగు చేయించాను. 12 రోజులకు మళ్లీ కాలింది. అదే షాపుకు తీసుకెళ్తే మళ్లీ పైసలు అడిగారు, ఇచ్చాను. మూడోసారి వేరే చోట విప్పిస్తే, ఉండాల్సినదానికంటే సన్నటి తీగ వేసి, చుట్లు కూడా తగ్గించారని తేలింది. నా పాత రాగి ఎంత తూగిందో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈలోపు ఊడలు దిగే సమయానికి చేను ఎండిపోయింది. మీ అమ్మ పుస్తెల తాడు అప్పుడే పోయింది. ఆ షాపు పేరు రాయను. కానీ బోర్డు మీద దేవుని పేరు ఇంతింత అక్షరాలతో ఉండేది.

క్రిస్మస్‌కు నువ్వు 'యెహోవా యీరే వైండింగ్ వర్క్స్' అని దేవుని పేరు పెడదామన్నప్పుడు నేను మాట మార్చింది అందుకే. బోర్డు తర్వాత రాయిద్దాం. ద్వితీయోపదేశకాండంలో సంచిలో రెండు రకాల తూనికె రాళ్లు పెట్టుకోవద్దన్నాడు. నీకు ఆ రాళ్లంటే తీగ గేజి, చుట్ల లెక్క, కాలిన రాగి తూకం. రైతు ముందు రాగి తూచి చూపించు. చుట్లు ఎన్నో కాగితం మీద రాసివ్వు. ఇదంతా ఎవరికీ కనపడదు, బాడీ బిగించి వందల అడుగుల లోతుకు దించేశాక ఇక దేవుడొక్కడే చూస్తాడు. వాక్యం అక్కడ చెప్పు. యూత్ మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్లు అక్కడ ఉండరు.

సేవకు వెళ్లొద్దని నేననను. ఆ మాట అనడానికి నేనెవర్ని? నువ్వు పుట్టినప్పుడు ప్రభువు ముందు నిన్ను ఎత్తి పట్టుకున్నది నేనే. నీ సంగతి మన పాస్టరయ్యగారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నేను చేతిలో ఏ పనీ లేకుండా సేవలోకి వచ్చానయ్యా. నెల నెలా కానుక కవరు కోసం చూశాను. ఎక్కువ వేసే పెద్దమనిషి ఇంట్లో తప్పు జరిగితే నోరు విప్పలేకపోయాను. ఆటో కొనుక్కున్నాకే నా ప్రసంగానికి ధైర్యం వచ్చింది." ఇది నీకు రాయమని ఆయనే చెప్పారు. చెప్పేటప్పుడు తల పైకెత్తలేదు. పిలుపు నిజమైతే ఏడు నెలలకు చల్లారదు బిడ్డా. దేవుడు పిలవక ముందు మోషే తన మామ మందను ఎన్నేళ్లు మేపాడో చూడు.

ఇక్కడి సంగతులు. కాలువ నీళ్లు పక్క ఊరి దాకా వస్తున్నాయి, మనకు ఇంకా బోర్లే దిక్కు. మాఘంలోనే ఎండలు ముదిరాయి. మీ చెల్లెకు పరీక్షలు దగ్గర పడ్డాయి, టెన్షన్‌తో సరిగా తినడం లేదు, ఒకసారి ఫోన్ చేసి మాట్లాడు. నీకు కారప్పూస, పల్లి పట్టీలు డబ్బాలో పెట్టి పంపుతోంది మీ అమ్మ. గదిలో అందరికీ పెట్టు.

అసలు సంగతి చివరికి ఉంచాను. పోయిన బుధవారం మందిరం బోరు మోటరు కాలిపోయింది. ఆరుగురం కలిసి నల్ల పైపు భుజాల మీద వేసుకొని పైకి లాగాం. నా భుజం ఇంకా నొప్పిగానే ఉంది. ఒకటిన్నర హెచ్‌పీ మోటరు. దగ్గరికి పోతే కమురు వాసన. పెద్దలు పట్నం పంపుదామన్నారు. నేను అడ్డం పడ్డాను, మా వాడు చేస్తాడన్నాను. ఐదు నెలలు నేర్చుకున్న పిల్లాడు ఏం చేస్తాడని ఒకరన్నారు. వాళ్ల సారును అడిగి చేస్తాడు, కాలితే మళ్లీ లాగే భుజం నాదే అన్నాను. పాస్టరయ్యగారు నవ్వారు. వచ్చే శనివారం దాకా ఆగుతామన్నారు, అప్పటిదాకా ట్యాంకు దగ్గర నుంచి బిందెలతో మోస్తున్నారు, ఆడవాళ్లు నన్ను తిడుతున్నారు కూడా.

మోటరు మన వరండాలో పెట్టించాను, మీద గోనెసంచి కప్పాను. పాత చుట్లు ఎవరినీ కొయ్యనివ్వలేదు. శుక్రవారం సాయంత్రం బస్సుకు బయలుదేరు. మీ సారును అడిగి ఆ తీగ లావు కొలిచే స్క్రూగేజి తెచ్చుకో.

మీ నాయిన