హైదరాబాద్ క్లబ్బు హైదరాబాద్ వారి చేతుల్లోనే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్న నాటి నుంచి జంటనగరాల ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఒక వాదం తెగకుండా సాగుతోంది. మా వయసు పెద్దవాళ్లలో చాలామంది ఆ వార్తకు పెద్దగా చలించలేదు. 2019లో పుట్టి ఆరేళ్లకే వెళ్లిపోయిన క్లబ్బు మనదెప్పుడైందని, మనదంటే 1950లలో శిక్షకుడు రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టేనని వారంటారు. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలు తొడుక్కుని గొంతు పోయేలా అరిచిన యువకులకు ఈ మాట పుండు మీద కారం చల్లినట్టుగా ఉంది. ఎప్పుడో ఎవరో ఆడిన ఆట గురించి వినడమే తప్ప తమకంటూ ఒక జట్టు ఉండకూడదా అన్నది వారి బాధ. రెండు పక్షాలవారితోనూ కూర్చుని విన్నవాడిని కనుక, వారు వేర్వేరు జట్ల పేర్లు చెబుతున్నా ఒకే నష్టాన్ని తలచుకుంటున్నారని నాకు గట్టిగా అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

పెద్దల గర్వం ఉత్త జ్ఞాపకాల మీద నిలబడింది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. యుద్ధకాలంలో ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు 1950లో తిరిగి మొదలైనప్పుడు, మోహన్ బగాన్‌ను ఓడించి దాన్నీ గెలుచుకుంది. 1954లో, 1957లో మళ్లీ అదే కప్పు ఎత్తింది, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరొకసారి సాధించింది. పోలీసు శాఖలో ఉద్యోగాలు చేసుకుంటూ ఆడిన ఈ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన నేతృత్వంలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ వంటి వారంతా ఈ నగరపు మైదానాల్లో ఆడి పైకి వచ్చినవాళ్లే.

అయితే కప్పుల జాబితా కంటే నాకు విలువైనదిగా తోచేది రహీం పనిచేసిన పద్ధతి. కుడికాలి వాటం ఉన్న పిల్లలు ఎడమకాలితోనే ఆడాలన్న నియమంతో ఒక పోటీ, బంతిని కాళ్ల దగ్గర అట్టేపెట్టుకోకుండా వెంటనే తోటివారికి అందించాలన్న నియమంతో మరో పోటీ, ఇలా చిన్న చిన్న పోటీలు పెట్టి ఆయన కుర్రవాళ్లను తయారుచేసేవారు. డబ్బు పెట్టి ఆటగాళ్లను తెచ్చుకునే స్తోమత ఆ జట్టుకు లేదు. ఊళ్లో ఉన్న పిల్లలకే ఓపికగా నేర్పుకోవాలి. దేశపు పేరున్న జట్లను ఓడించిన బలం అక్కడి నుంచి వచ్చింది.

ఆ బలం ఎందుకు నిలవలేదన్నది పెద్దలు అంత ఇష్టంగా మాట్లాడని విషయం. 1963లో రహీం కన్నుమూశారు. అంతకుముందే మన ఆటగాళ్లు కలకత్తా దారి పట్టారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు, చివరిదాకా బెంగాల్‌లోనే ఉండి 2023లో అక్కడే కన్నుమూశారు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, అమల్‌రాజ్ కూడా అదే దారిలో నడిచారు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ చేసిన హబీబ్ మన హైదరాబాదీ అని ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆంధ్రప్రదేశ్ 1965-66లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన తరువాత మన దగ్గర చెప్పుకోదగ్గ విజయాలు అరుదైపోయాయి. నా అభిప్రాయంలో దీనికి ముఖ్యమైన కారణం ఒకటే. సిటీ పోలీస్ జట్టు ఒక శాఖకు చెందినది. శాఖ ఆసక్తి ఉన్నంతకాలం అది వెలిగింది, ఆసక్తి సన్నగిల్లినప్పుడు దాన్ని నిలబెట్టే హక్కు గాని బాధ్యత గాని అభిమానులకు లేకపోయింది.

అర్ధశతాబ్దం తరువాత హైదరాబాద్ ఎఫ్‌సీ విషయంలోనూ ఇదే జరిగింది, ఈసారి మరీ వేగంగా. 2019లో పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలోకి మన క్లబ్బు వచ్చింది. అంటే అక్కడి అభిమానుల నష్టం మీదనే మన సంతోషం మొదలైంది. తొలి సీజన్‌లో పది పాయింట్లతో అట్టడుగున నిలిచిన జట్టును శిక్షకుడు మనోలో మార్కెజ్ రెండేళ్లలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేతగా నిలబెట్టారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిశాక మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి ఈ నగరపు యువకులకు ఎంత గొప్పదో నేను కళ్లారా చూశాను. ఆ సీజన్‌లో మన ఫార్వర్డ్ ఓగ్బెచె 18 గోల్స్ చేశాడు. కోవిడ్ కారణంగా పోటీలన్నీ గోవాలోనే జరగడంతో, సొంత జట్టు విజేతగా ఎదిగిన ఏడాదంతా మన అభిమానులు దాన్ని టీవీలోనే చూడవలసి వచ్చింది. గెలిచిన జట్టును గచ్చిబౌలిలో తనివితీరా చూసుకోవడానికి వారికి దక్కిన కాలం చాలా కొద్ది. 2022-23లో పట్టికలో రెండో స్థానం. ఆ మరుసటి ఏడాదే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా బదిలీ నిషేధం, ఒక్కొక్కరుగా ఆటగాళ్ల నిష్క్రమణ, 22 మ్యాచ్‌లలో ఒకే ఒక గెలుపు. చివరికి యాజమాన్యం మారింది, ఆ తరువాత ఊరే మారిపోయింది.

అందుకే మా తరం వారికి నా మనవి ఇది: ఆ పిల్లల బాధను తేలికగా తీసుకోవద్దు. ఆరేళ్లలో వారు చూసిన ఎత్తుపల్లాలు మనం ముప్పై ఏళ్లలో చూసినవాటికి తీసిపోవు. యువకులకు కూడా ఒక మాట చెప్పాలి. మరో పెట్టుబడిదారు వచ్చి మరో ఫ్రాంచైజీ తెస్తే మన కష్టం తీరుతుందని ఆశపడవద్దు. ఢిల్లీ సంగతే చూడండి. 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది, ఇప్పుడు మన క్లబ్బు ఢిల్లీ చేరింది. లీగులో ఆడే లైసెన్సు ఒకరి జేబులో ఉన్నంతకాలం ఏ నగరమైనా మజిలీయే.

ఇందుకు భిన్నమైన దారి మన దేశంలోనే ఉంది. మోహన్ బగాన్ 1889లో, ఈస్ట్ బెంగాల్ 1920లో సభ్యుల క్లబ్బులుగా పుట్టాయి. పెట్టుబడిదారులు వచ్చారు, పోయారు, గొడవలూ జరిగాయి. కాని ఆ క్లబ్బులను కలకత్తా దాటించగల శక్తి ఎవరికీ కలగలేదు, ఎందుకంటే సభ్యత్వమున్న వేలమంది అక్కడ కాపలా ఉన్నారు. ఇంగ్లండులో లండన్‌కు చెందిన వింబుల్డన్ ఫుట్‌బాల్ జట్టును వేరే ఊరైన మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి ఇచ్చినప్పుడు, అభిమానులు 2002లో సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ స్థాపించి, కింది అంచె లీగుల నుంచి మొదలుపెట్టి 2011కల్లా ఫుట్‌బాల్ లీగులోకి వచ్చారు. 2020లో తమ పాత వీధి ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియంలో అడుగుపెట్టారు.

మనకు మైదానాల కొరత లేదు. 2024లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగింది, అదే ఏడాది డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగి బెంగాల్ గెలిచింది. అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనాలో శ్రీనిధి డెక్కన్ జట్టు ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండుసార్లు వరుసగా రెండో స్థానంలో నిలిచింది. ఆ ఆట చూడడానికి మనవాళ్లు ఇంకా ఎక్కువగా వెళ్లాలి. లేనిదల్లా బార్కస్, మల్లేపల్లి, బొల్లారం, తిరుమలగిరి వంటి ఫుట్‌బాల్ బస్తీల జట్లు ఏటా ఒకే సమయంలో, ముందే ప్రకటించిన పట్టిక ప్రకారం ఆడే బలమైన నగర లీగు. తెలంగాణ ఫుట్‌బాల్ సంఘం, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ కలిసి లాల్ బహదూర్ స్టేడియంను ఇందుకు వారాంతాల్లో కేటాయించాలని కోరుతున్నాను. ఆ లీగు నుంచి సభ్యత్వ రుసుముతో నడిచే ఒక నగర క్లబ్బు పుట్టాలి. వృద్ధులైన పాత ఆటగాళ్ల ఇళ్లలో, కన్నుమూసినవారి కుటుంబాల దగ్గర ఉన్న ఫోటోలు, పతకాలు పాడైపోకముందే ఆ క్లబ్బు వాటిని సేకరించాలి. పోలీసు శాఖ కూడా తన జట్టు చరిత్రను భద్రపరచి ఇందులో భాగస్వామి కావడం న్యాయం.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. యూరప్ లీగుల ఫలితాలు మీ క్రీడా పుటలో శ్రద్ధగా వస్తున్నాయి, సంతోషం. నగరంలో జరిగే స్థానిక మ్యాచ్‌ల వేళలు, ఫలితాలు, గోల్ చేసిన పిల్లల పేర్లు వారానికి ఒక్కరోజైనా జిల్లా ఎడిషన్‌లో ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
సికింద్రాబాద్.