కళింగపట్నం దాకా వచ్చినదానివి

విజయనగరం,
ఆదివారం

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు కాస్త నయం. మొన్నటి గాలికి పెరట్లో జామచెట్టు ఒరిగితే వెదురు కర్ర ఆసరా కట్టాను. ఫోను ఎత్తే తీరిక లేదంటున్నావు కదా, అందుకని ఉత్తరం. ఇది రింగవ్వదు, నీ వీలునిబట్టి చదువుకో.

గరివిడి అత్త నిన్న వచ్చి వెళ్లింది. మాటల్లో మాటగా ఒకటి చెప్పింది. వాళ్ల రెండోవాడు పోయిన వారం కళింగపట్నం వెళ్తే, లైటుహౌసు దగ్గర ఒకమ్మాయి టోపీ పెట్టుకుని కెమెరావాళ్ల మీద అరుస్తోందట. "అచ్చం మన బుజ్జిగుంటే అన్నయ్యా" అంది. మన బుజ్జి అయితే ఇంటికి రాకుండా ఎలా పోతుందమ్మా, రెండు గంటల దారి కదా, అన్నాను. ఇంకెవరో అయి ఉంటారు.

సరే, ఆ సంగతి వదిలెయ్. ఇంటర్లో గోడ నిండా బొమ్మలంటించుకున్నావే, ఆ బ్యాండువాళ్లే నిన్ను పిలిచి పాటకి వీడియో తియ్యమన్నారని సిరిమాను పండగ నాడు చెప్పావు. "పాట వినాలి గానీ చూడ్డమేంటే" అన్నాను నేను. ఇంటి నిండా చుట్టాలు. అది నీకు గుచ్చుకుందని మీ అమ్మ ఇప్పటికీ సాధిస్తోంది. తర్వాత ఆలోచిస్తే నా మాటే తప్పు. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథ చెప్పేటప్పుడు కాళ్లకి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి పాటా ఆటా కథా ఒక్కరే నడిపించలేదూ! 1919లో మన ఊళ్లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఘంటసాల చదివింది అక్కడే. నువ్వు వయొలిన్ మానేసిందీ అక్కడే అనుకో.

స్లో మోషన్ సంగతి ఓసారి చెప్పావు. సెకనుకి 48 ఫ్రేముల్లో తీసేటప్పుడు పాటని రెట్టింపు వేగంతో పెట్టాలని, వాళ్లు ఆ వేగానికే పెదాలు కదపాలని, తర్వాత 24లో చూస్తే ఒళ్లు నెమ్మదిగా కదులుతున్నా పెదాలు పాటకి అతుక్కుంటాయని. అప్పుడు ఊ కొట్టి ఊరుకున్నాను గానీ నాకు చీపురుపల్లి దగ్గర రికార్డు డాన్సు గుర్తొచ్చింది. నీకు చెప్పే ఉంటాను. మళ్లీ విను.

నువ్వింకా పుట్టలేదు. మైకు సెట్టు పెట్టి రెండేళ్లయింది. అమ్మవారి పండగ. చింతచెట్టుకో హారను, బడి మేడ మీదో హారను కట్టాను. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటరు వేశాం. ఒకావిడ జరీ లంగా కట్టుకుని ఆడుతోంది, చెమటకి మొహం మీద పౌడరు చారలు కట్టింది. ఉన్నట్టుండి జనరేటరు దగ్గడం మొదలెట్టింది. డీజిలు చూసుకోవాల్సినవాడు జంతికల పొట్లం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయాడు. ఇంజను మందగిస్తే రికార్డు పళ్లెం కూడా మందగిస్తుంది కదా, ఆడగొంతు కాస్తా మగగొంతయింది. జనం ఒకటే ఈలలు. ఆవిడ ఆగలేదే! పాట సాగినకొద్దీ తనూ సాగింది, నీళ్లలో చెయ్యి తిప్పినట్టు తిప్పింది. ఈలలు ఆగిపోయాయి. నేను పరుగెత్తి డీజిలు పోశాను. పాట అందుకుంది, ఆవిడా అందుకుంది. దిగొచ్చాక నాతో, "బాబూ, రేపటేల నుండి నూనె ముందే సూసుకో, నా నడుం ఇరిగిపోనాది" అంది. మీ స్లో మోషన్ అంటే నాకు ఆవిడే.

ఇంతకీ బయానా తీసుకున్నావా? ఇష్టమైన బ్యాండు కదాని ఎదురు ఖర్చు పెట్టుకోకు. ఎన్ని రోజుల పని, కెమెరా అద్దె ఎవరిది, వీడియో ఎవరి సొత్తు, అన్నీ కాగితం మీద ఉండాలి. నేను స్నేహానికి కట్టిన మైకులకి ఇప్పటికీ బాకీలు రావాలి. డ్రోను ఎగరేస్తే అనుమతి ముందే తీసుకో. సముద్రంలో మోకాలు దాటి దిగనివ్వకు ఎవర్నీ. ఉపన్యాసం ఇవ్వకూడదనుకున్నాను, అయిపోయింది.

అత్త కొడుకు ఇంకోటి కూడా చెప్పాడట. ఆ అమ్మాయి తెచ్చిన బుల్లి స్పీకరు కెరటాల హోరులో వినబడక, డ్రమ్ములవాడు ఒకచోట, పాడేవాడు ఇంకోచోట, నాలుగుసార్లు తీసినా కుదరక పొద్దుగూకి సర్దుకుని వెళ్లిపోయారట. వినబడదు మరి. సాయంత్రం గాలి సముద్రం మీంచి కొడుతుంది. హారను నీళ్లవైపు నిలబెట్టి మూతి ఊరివైపు తిప్పితే గాలే పాటని మోసుకొస్తుంది. అలాగని దూరం పెట్టకూడదు. వంద మీటర్లు దాటి రావడానికి పాటకి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది, అంత మేరా పెదాలు తప్పుతాయి. ఆ అమ్మాయికి ఈ మాట చెప్పే నాన్న లేడేమో అనుకున్నాను.

అటక మీది హారన్లు రెండూ దించి తుడిచాను. ఒకదానికి శబ్దం పుట్టించే యూనిట్ పోతే గంటస్తంభం దగ్గర కొత్తది తెచ్చి బిగించాను. నిన్న వేసి చూస్తే ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. మళ్లీ తియ్యాల్సి వస్తే ముందురోజు ఒక్క మాట చెప్పు, ఆటోలో వేసుకుని వచ్చేస్తాను. మీ అమ్మ చోడిపిండి, అరిసెలు కట్టి ఉంచింది.

అన్నట్టు, ఆ టోపీకి వెనక అంచు లేదటగా. మెడ కమిలిపోతుంది. తువ్వాలు చుట్టుకో.

మీ నాన్న