మా కుండీల పూలను కాపాడిన సార్‌కి, అన్నకి కృతజ్ఞతలు

మొయినాబాద్ దగ్గర మా చిన్న పాలీహౌస్‌లో కుండీల జెర్బెరాలు, క్రిస్మస్ కోసం పెంచుతున్న పాయిన్‌సెట్టియాలు ఇవాళ నిలబడ్డాయంటే ఇద్దరి చలవే. ఒకరు ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన సార్. ఇంకొకరు చేవెళ్ల వైపు గులాబీలు వేసే అన్న. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. థాంక్స్ మాత్రం అందరి ముందూ చెప్పాలని ఉంది.

ముసురు పట్టిన రోజుల్లో మొదలైంది ఈ బాధ. కుండీల్లో మట్టికి బదులు నింపే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) తడిగానే ఉన్నా మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయేవి. వాడిన మొక్కను చూస్తే ఎవరి చెయ్యైనా నీళ్ల పైపు మీదకే పోతుంది. షాపులో అడిగితే కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు పోయమన్నారు. సార్‌కి ఫోన్ చేస్తే "ఆగమ్మా, ముందు వేరు చూద్దాం" అని సాయంత్రానికి తనే వచ్చారు. కుండీ బోర్లించి, గోధుమ రంగుకి తిరిగిన వేరును రెండు వేళ్లతో లాగితే పైపొర ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలింది. వేరు కుళ్లు తెప్పించే పితియం అనే సూక్ష్మజీవి లక్షణమన్నారు. అది అసలు శిలీంధ్రాల జాతిలోకి రాదట, కార్బెండజిమ్ దాని మీద పనిచేయదట. దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ పక్క వేరుకి చేరతాయి. అందుకే నీళ్ల పైపు మూతి నేలమీద పడేయకుండా కొక్కేనికి తగిలించమన్నారు, కుండీల కింది ప్లేట్లు తీయించారు.

నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే ఈసీ మీటర్ తెచ్చింది అన్న. కుండీకి నీళ్లు పెట్టి, గంట ఆగి, పైనుంచి ఇంకొంచెం పోసి కింద కారినవి పట్టి చూశారు. రీడింగ్ 4 దాటింది, అంటే ఉప్పులు బాగా ఎక్కువన్నమాట. మా బోరు నీళ్లలో ఉప్పులు ముందే ఎక్కువ, వాటికి మేం వేసే 19:19:19 ఎరువు తోడైంది. మబ్బు రోజుల్లో మొక్క అంతగా తాగదు, తినదు. మిగిలిన ఉప్పులు వేరు కొసల్ని కాలుస్తాయి, తెగులు అక్కడి నుంచే లోపలికి దూరుతుంది. మందు కంటే ఈ మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎరువు ఎక్కువైనా వేరు కుళ్లుతుందని కుండీ పూలు పెంచే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

బాగా కుళ్లిన మొక్కల్ని కుండీలోని కోకోపీట్‌తో సహా బయట పారేయించారు. మిగతావాటికి ఎండ వచ్చిన రోజు పొద్దున్నే ఉత్త నీళ్లు ధారగా పోసి ఉప్పులు కడిగాం. పితియం మీద పనిచేసే మెటలాక్సిల్ ఉన్న మందు లేబుల్ మీది మోతాదులోనే పోశాం. కోలుకునేదాకా ఎరువు ఆపి, తర్వాత పలచగా మొదలుపెట్టాం, మబ్బు రోజుల్లో అదీ లేదు. నీళ్లు టైమ్ చూసి కాకుండా కుండీ ఎత్తి, తేలికైతేనే పెడుతున్నాం, అదీ పొద్దున పది గంటల్లోపు. పెట్టినప్పుడు మాత్రం అడుగు నుంచి కొంచెం కారేలా. ఏ కుండీ బరువెంతో చేత్తోనే చెప్పేస్తోంది మా దగ్గర పనిచేసే అక్క. ఆమెకీ ఈ పోస్టులో వాటా ఉంది.

కొత్త వేర్లు తెల్లగా కుండీ అంచు దాకా వచ్చాయి. అన్నా, మీటర్ ఆదివారం తెచ్చిస్తాను. సార్, మీ ఇంటికి రెండు పాయిన్‌సెట్టియా కుండీలు తీసిపెట్టాం, వద్దనకండి.