పెద్దవాళ్ళు పడకముందే ఏదైనా చేయండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టును. తుంటి విరిగి, ఆపరేషన్ అయ్యి, వాకర్‌తో ఇంటికి చేరిన పెద్దవాళ్ళను మళ్ళీ నడిపించడమే నా పనిలో ఎక్కువ భాగం. ఎలా పడ్డారండీ అని అడిగితే ఏ ఇంట్లోనైనా ఇంచుమించు అవే మాటలు వినిపిస్తాయి. తెల్లవారుజామున బాత్రూంకి లేచారు, లైటు వేయలేదు, కళ్ళు తిరిగాయి. సబ్బు నీళ్ళలో కాలు జారింది. గడప తట్టుకుంది. పెరట్లో మరుగుదొడ్డి మెట్టు దిగుతుంటే పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇన్ని ఇళ్ళలో ఒకే రకంగా జరుగుతున్నదాన్ని ఖర్మ అని వదిలేయడం నావల్ల కావడం లేదు. అందుకే ఈ లేఖ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే, అందులోనూ 60 దాటినవాళ్ళే ఎక్కువ. రోడ్డు ప్రమాదం జరిగితే పేపర్లో వస్తుంది, పోలీసులు వస్తారు, మలుపు దగ్గర హెచ్చరిక బోర్డు పెడతారు. బాత్రూంలో పడిన ముసలావిడ గురించి పక్కింటికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కోసారి సొంత పిల్లలకే తెలియదు. "అమెరికాలో ఉన్న అబ్బాయికి చెప్పకమ్మా, టెన్షన్ పడతాడు" అని నాతో అన్న తల్లులు ఉన్నారు. మొదటిసారి చిన్న దెబ్బతో బయటపడి దాచేస్తారు. రెండోసారి తుంటి విరుగుతుంది.

విరిగాక ప్రభుత్వం చేయూతనిస్తోంది, కాదనను. ఉచిత చికిత్సకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌ను 2024లో కేంద్రం విస్తరించింది. కానీ ఆపరేషన్ బాగా జరిగినా పాత జీవితం తిరిగొస్తుందన్న భరోసా లేదు. తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు ఐదోవంతు మంది, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ మంది, ఏడాది తిరక్కుండానే చనిపోతున్నారని చాలా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. బతికినవాళ్ళలో ఎంతోమంది ఇంకొకరి సాయం లేకుండా గుమ్మం దాటలేరు. కూతురో కోడలో పని మానుకుని ఇంట్లో ఉండిపోవాలి. ఆ ఖర్చు ఏ ప్యాకేజీలోకీ రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పు ఎవరికుందో తెలుసుకోవడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నింపే సీబ్యాక్ ఫారంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళకు విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నట్టు ఉంటోందా అన్నది వాటిలో ఒకటి. అంటే అడగాల్సిన ప్రశ్న మన చేతిలో ఇప్పటికే ఉంది. అవును అన్నవాళ్ళను ఆసుపత్రికి పంపమనీ ఉంది. వెళ్ళాక ఏం జరుగుతోందో మీరు కనుక్కోండి. నేను చూసినంతలో బీపీ, షుగరు చూసి, కాల్షియం మాత్రలిచ్చి పంపేస్తున్నారు. తూలుడు సంగతి అక్కడితో ఆగిపోతోంది.

ఆగకూడదు. గ్రామంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, అంటే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలోనే చేయగలిగింది చాలా ఉంది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమనాలి. దానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే జాగ్రత్త పడాలని లెక్క. ఇందుకు సెల్‌ఫోన్‌లో ఉన్న గడియారం చాలు. బీపీని కూర్చోబెట్టి చూసి వదిలేయకుండా, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మళ్ళీ చూడాలి. లేవగానే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, రాత్రి కళ్ళు ఎందుకు తిరుగుతున్నాయో తెలిసినట్టే. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, నిద్రమాత్రలు మూడూ కలిపి వేసుకుంటున్న పెద్దాయన సంచిని డాక్టరు ఒక్కసారి విప్పి చూస్తే, తగ్గించదగ్గవి కనిపిస్తాయి. నిద్రమాత్రలు చీటీ లేకుండా మందుల షాపులో దొరకడం మీద కూడా మీ శాఖ గట్టిగా ఉండాలని నా విన్నపం. ఇక కంట్లో శుక్లాలుంటే ఆపరేషన్ వాయిదా వేయకుండా చేయించాలి. షుగరుతో పాదాలు మొద్దుబారాయేమో చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది వ్యాయామం. ఇది నా వృత్తి కాబట్టి చెప్పడం లేదు. నిలకడను, కాళ్ళ బలాన్ని పెంచే వ్యాయామాలతో పడిపోవడాలు దాదాపు నాలుగోవంతు తగ్గుతాయని ఎన్నో పరిశోధనలను కలిపి చూసి 2019లో వచ్చిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. న్యూజిలాండ్‌లో ఒటాగో పేరుతో ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఉంది. మడమలెత్తి నిలబడటం, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం, ఒక పాదం ముందు ఇంకో పాదం వేసి నడవడం లాంటివే అవన్నీ. వంటగది గట్టు పట్టుకుని మన అమ్మమ్మలు చేయగలరు. మనమేమో ఒకసారి పడగానే "కదలకుండా కూర్చో, మళ్ళీ పడతావ్" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ కూర్చున్నకొద్దీ తొడ కండరాలు కరుగుతాయి, భయం పెరుగుతుంది, ఆ భయంతో నడక ఇంకా బిగుసుకుపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నొప్పి కంటే ఈ భయమే మొండిది. వారానికి రెండు మూడుసార్లు అంగన్‌వాడీ ఆవరణలోనో, గుడి మండపంలోనో, చర్చి దగ్గరో అందరినీ కలిపి ఈ వ్యాయామాలు చేయిస్తే, ఒంటరితనానికీ కొంత మందు.

ఇళ్ళ సంగతి. ప్రతినెలా 1వ తేదీన సచివాలయ ఉద్యోగులు ఎన్టీఆర్ భరోసా పింఛను పట్టుకుని గుమ్మాల్లోకి వెళ్తున్నారు. పింఛనుదారులు 60 లక్షలకు పైనే. అందరూ వృద్ధులు కాకపోయినా, ఇంతమంది పెద్దవాళ్ళ ఇళ్ళకు నెలనెలా వెళ్ళే ఏర్పాటు తక్కువ రాష్ట్రాలకు ఉంది. పింఛన్లు మీ శాఖ కింద లేవని తెలుసు. అయినా ఆ మంత్రిగారితో మాట్లాడి, మూడు నెలలకోసారి ఒక ప్రశ్న అడిగించండి: "ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా?" అవునన్నవాళ్ళ పేరు ఆ రోజే ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎంకు చేరాలి. ఆమె వెళ్ళి మరుగుదొడ్డి దారి, మెట్టు, లైటు చూడాలి. గోడకు బిగించే స్టీలు కడ్డీ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. స్వచ్ఛభారత్ కింద మరుగుదొడ్డికి 12,000 రూపాయలు ఇచ్చాం, పట్టుకునే కడ్డీ గురించి ఆలోచించలేదు. ఇకమీదట కట్టే ప్రభుత్వ ఇళ్ళలోనైనా దాన్ని తప్పనిసరి చేయించండి. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. కర్ర ఇచ్చేటప్పుడు అది మనిషి ఎత్తుకు సరిపోయిందో లేదో చూసి, వాడటం నేర్పి పంపాలి. ఎత్తు కుదరని కర్రే తూలడానికి కారణమవుతుంది.

రాష్ట్రమంతా ఒకేసారి చేయమని అడగడం లేదు. ఒక్క మండలం ఎంచుకోండి. ఏడాదిపాటు తుంటి విరిగిన కేసులు ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అని లెక్క రాయించండి, ఆ లెక్క అందరికీ కనిపించేలా పెట్టండి. ఆశాలకు, ఏఎన్ఎంలకు ఈ పరీక్షలు, వ్యాయామాలు నేర్పడానికి ఫిజియోథెరపిస్టులు కావాలంటే మా జిల్లాలో నేను వస్తాను, డబ్బు అడగను. ఆదివారాలైనా సరే.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక ఫిజియోథెరపిస్టు