యుద్ధం ఆగిపోయిన చాలా ఏళ్ళకి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా, నైట్ డ్యూటీలు ఇంకా నీకే వేస్తున్నారా? చిన్నప్పుడు యుద్ధం చూసినవాళ్ళకి ముసలితనంలో కూడా దాని ఎఫెక్ట్ ఉంటుందా అని ఫోన్‌లో అడిగావు కదా, అది రెండు ముక్కల్లో తేలేది కాదు రా, అందుకే రాస్తున్నా.

ముందు ఆకలి సంగతి చూడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944–45 చలికాలంలో జర్మన్లు నెదర్లాండ్స్ పడమటి వైపుకి తిండి రాకుండా ఆపేశారు, మనిషికి రోజుకి 400 నుంచి 800 కేలరీల రేషన్, జనం తులిప్ దుంపలు కూడా ఉడకబెట్టుకుని తిన్నారు. ఆ టైమ్‌లో నెల తప్పిన తల్లులకి తర్వాత తిండి దొరికింది, పిల్లలు మామూలు బరువుతోనే పుట్టారు, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. తీరా వాళ్ళకి యాభై ఏళ్ళు వచ్చేసరికి గుండెజబ్బులు మిగతావాళ్ళకంటే ఎక్కువగా బయటపడ్డాయి! కడుపులో చివరి నెలల్లో ఆకలి పడ్డవాళ్ళకేమో షుగర్ తేడాలు. 2008లో ఇంకోటి తేలింది, కడుపులో పడ్డ కొత్తల్లోనే ఆకలి చూసినవాళ్ళకి దాదాపు అరవై ఏళ్ళ తర్వాత కూడా ఎదుగుదలకి సంబంధించిన ఒక జీన్ మీద మిథైలేషన్ గుర్తులు, అంటే జీన్ ఎంత పనిచెయ్యాలో నడిపే రసాయన గుర్తులు, సొంత తోబుట్టువులకంటే తక్కువట. పుట్టకముందు పడ్డ ఆకలి రా అది, నాకు చదువుతుంటేనే కడుపులో దేవినట్టయింది.

వయసులో ఉండి చూసినవాళ్ళది ఇంకో బాధ. వియత్నాం యుద్ధంలో ఉత్తర వియత్నాం మీద అమెరికా బాంబులు పడుతుంటే ట్రూంగ్ సన్ కొండల్లో రోడ్లు బాగుచేసిన యూత్ బ్రిగేడ్లలో ఆడపిల్లలు బోలెడుమంది, బాంబుల మోతలు, మలేరియా, అరకొర తిండి, ఇప్పుడు వాళ్ళకి డెబ్బై దాటేశాయి. అక్కడి పెద్దవాళ్ళ మీద చేసిన స్టడీల్లో, యుద్ధాన్ని ఎంత దగ్గరగా చూస్తే ముసలితనంలో ఆరోగ్యం అంత దెబ్బతిన్నట్టు కనిపించింది. ఏళ్ళ తరబడి బెదురుతో బతికితే స్ట్రెస్ హార్మోన్లు అదుపు తప్పుతాయి, నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, చివరికి గుండె మీదకొస్తుంది. అమెరికాలో మాజీ సైనికుల్ని చూస్తే పీటీఎస్‌డీ (ఘోరాలు చూసిన షాక్ మనసులోంచి పోని జబ్బు) ఉన్నవాళ్ళకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, రిస్క్ దాదాపు రెట్టింపు ఉంది.

ఉద్యోగం, సంసారం నడిచినన్నాళ్ళూ అణిగి ఉన్న జ్ఞాపకాలు రిటైరయ్యాక పైకొస్తాయి, మతిమరుపు మొదలైతే మరీ ఘోరం, పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు గానీ తలుపు ధడేల్‌మంటే చాలు వణికిపోతారు, స్నానానికి చెయ్యి పట్టుకుంటే కొట్టడానికొస్తారు. చూసుకునేవాళ్ళు మొండితనం అనుకుని మందు డోసు పెంచేస్తారు, అదే నాకు ఒళ్ళు మండే విషయం.

నువ్వు కేస్ షీట్ రాసేటప్పుడు బీపీ, షుగర్, సిగరెట్ అన్నీ అడుగుతావు కదా, చిన్నప్పుడు ఎక్కడ పెరిగారు, యుద్ధం చూశారా, తిండికి ఇబ్బంది పడ్డారా అని కూడా అడుగు రా. చెప్పమని బలవంతం చెయ్యకు, చెబితే మాత్రం షీట్‌లో రాసిపెట్టు, తర్వాతి షిఫ్ట్ వాళ్ళకి తెలుస్తుంది.

నీ
రవి